ఇంట్లోనే కాలేజీ

"నాకు సదువు రాదు సారూ, దస్తఖత్ గిట్ల చెయ్యనీకి రాదు" అంది సావిత్రి, కొంగు నెత్తి మీదికి ఇంకాస్త లాక్కుని. తడబడలేదు, నీళ్లు నమలలేదు, ఇంట్లో బియ్యం నిండుకున్నాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. పక్కనే నిలబడ్డ కమలకు మాట వినపడిందే గాని లోపలికి దిగలేదు. ఈమె మా అమ్మేనా, తోవలో ఎక్కడైనా మారిపోయిందా అని ఒకసారి తేరిపార చూసింది కూడా. అమ్మే. అదే ముక్కెర, నుదుట అదే విభూతి గీత, దాని కింద అదే కుంకుమ బొట్టు. కాలేజీ ఆఫీసు కిటికీ అవతల కూర్చున్న గుమాస్తా రామ్‌చందర్ కమల దరఖాస్తును ఇటూ అటూ తిప్పి, తండ్రి గాని తల్లి గాని తన కళ్లెదుట సంతకం పెట్టాల్సిన చోటు చూపించి, "ఇయ్యాల్నే ఆఖరు బిడ్డా. మీ బాపునన్న పిలుచుకొని రా. నేను తిని వస్త, వచ్చినంక సూద్దాం" అని కిటికీ తలుపు దగ్గరికి లాగాడు.

తినడానికి పోయిన మనిషి ఎంతసేపట్లో వస్తాడు, మహా అయితే గంట. ఆ గంటే మిగిలింది కమలకు. బాపును పిలుచుకు రావాలంటే నది దాటాలి, బస్సు దొరకాలి, దొరికినా బాపు రాడు, రావడం ఇష్టం లేకేగా అమ్మను పంపాడు. వరండా బెంచీ మీద తల్లీ కూతుళ్లు కూర్చున్నారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి. వదిలింది కమలే. వరండా నిండా తడి చెప్పుల గుర్తులు, తండ్రుల వెంట వచ్చిన ఆడపిల్లలు పోతున్నారు, వస్తున్నారు, ఒకాయన తన కూతురి దరఖాస్తు వాన చుక్క పడకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. నిన్నటి వానకు ఎదుటి గోడ సున్నం ఉబ్బి పొరలు లేచింది, ఆ పొర ఒకటి అచ్చం దేశపటంలా ఉంది, అదుగో చూడమ్మా అని చూపించబోయి, చెయ్యి లేచింది కూడా, ఆపుకుంది. నెల అలవాటు. నెల పొడుగునా కంటబడ్డ ప్రతిదీ అమ్మకు చూపించింది, బాపుకు చూపించింది, వాళ్లూ తనకు చూపించారు, ఇదేంది, గదేంది, ఎవరు కట్టిండ్రు, ఎందుకు కట్టిండ్రు అని ముగ్గురూ చిన్నపిల్లలైపోయారు. అదంతా 'రాదు' అనే ఒక్క మాటతో తుడిచి పారేసిందా ఈమె? తుడిచి, కొంగు సర్దుకుని, గోడ మీది బల్లిని చూస్తూ కూర్చుందా?

దుకాణం కప్పు కూలకపోతే ఇదంతా జరిగేదే కాదు. పురానాపూల్ దర్వాజా పక్క సందులో పసుపు, కుంకుమ, సాంబ్రాణి టోకున అమ్మే దుకాణం వాళ్లది, తాత పెట్టింది. మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం దూలం విరిగి కప్పు సగం కిందికి వచ్చింది. దేవుడి దయ, బాపు అన్నానికి ఇంటికొచ్చి ఉన్నాడు. మేస్త్రీ నెల పడుతుందన్నాడు. పుట్టి బుద్ధెరిగి గద్దె మీద కూర్చోవడం తప్ప ఇంకోటి ఎరగని బసవయ్య ఇంట్లో ఏం చేస్తాడు? రెండు రోజులు వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు, పప్పులో ఉప్పెక్కువైందన్నాడు, రేడియో గొంతు తగ్గించమన్నాడు, గల్లీలో పిల్లల్ని కసిరాడు. ఆ తర్వాత దుకాణం అటక మీది నుంచి దించుకొచ్చిన ట్రంకు పెట్టె ముందు కూలబడ్డాడు. అందులో ఆయన బడికి పోయిన నాటి పుస్తకాలు, వాళ్ల నాయన కొన్న చరిత్ర పుస్తకాలు, అన్నీ ఉర్దూ. ఒకటి తీసి దుమ్ము దులిపి చదవడం మొదలుపెట్టాడు, పైకే, గొంతెత్తి. కమల జడ వేసుకుంటూ వేసుకుంటూ ఆగిపోయింది. బస్సు మీద ఏం రాసుందో తనను అడిగే బాపు, శుభలేఖ వస్తే "ఇదేందో చూడు బిడ్డా" అని తన చేతిలో పెట్టే బాపు, ఇట్లా ధారగా చదువుతాడా! నైజాం కాలంలో ఆయన బడంతా ఉర్దూలోనే నడిచింది, ఇంట్లో మాట్లాడుకునే భాషకు అక్షరాలున్నాయని ఎవరూ ఆయనకు చూపించలేదు. కమలకేమో ఆ రాత కోడిగీతలు. ఒకే ఇంట్లో ఉంటూ ఆయన చదివేది ఈమెకు రాదు, ఈమె చదివేది ఆయనకు రాదు. "నాకు నేర్పియ్యరాదు బాపూ" అంటే కళ్లద్దాల మీది నుంచి చూసి, "ఫోకట్ల నేర్పియ్య. నువ్వు నాకు తెలుగు నేర్పు, నేను నీకు ఉర్దూ నేర్పిస్త. బరాబర్" అన్నాడు, మంచి బేరం కుదిరినప్పుడు నవ్వే నవ్వుతో.

ఎంత ముద్దుగా నేర్చుకున్నాడు! తెలుగు అక్షరాన్ని కూడా కుడి చివర నుంచి మొదలుపెట్టేవాడు, చెయ్యికి పడ్డ అలవాటు, పట్టుకుని దిద్దిస్తే గుడ్లురిమేవాడు, మళ్లీ దిద్దేవాడు. పొద్దున తెలుగు, మధ్యాహ్నం ఉర్దూ, చల్లబడ్డాక చరిత్ర. చరిత్ర అంటే పుస్తకంలో చదివిన ముక్కను బాపు తన మాటల్లో చెప్పడం, సుల్తానులంతా తన మేనమామలైనట్టు, ఈయనకు కోపం జాస్తి, ఆయనది ఎముక లేని చెయ్యి, ఎంతిచ్చినా ఇంకా ఇస్తడు అని. పురానాపూల్ కథ చదివిన రోజు ముగ్గురూ వంతెన దగ్గరికే పోయారు. రోజూ దాటే వంతెన, ఏనాడూ నిలబడి చూసింది లేదు. కమాన్లు లెక్కపెడితే ముగ్గురికీ మూడు లెక్కలొచ్చాయి, మళ్లీ లెక్కపెడితే ఇంకో మూడు, ఇసుకలో బట్టలారేసుకుంటున్న చాకలోళ్లు వీళ్లను చూసి నవ్వారు. అక్కడే కూర్చుని బొమ్మ వేశారు, బాపు మేస్త్రీని అడిగి తెచ్చిన లావు పెన్సిలుతో. ఆయన వేసిన వంతెన బోర్లించిన కుండల వరసలా వచ్చింది, అమ్మ పట్టుబట్టి దాన్నే వంటింటి గోడకు అంటించింది. ఆ సాయంత్రం బాపు నీళ్ల వైపు చూస్తూ, "గీ వంతెన మీద నడుసుడే గాని, ఎవ్వరు కట్టిండ్రని ఏనాడు అడగలే నేను. నువ్వు అడుగు బిడ్డా. కాలేజీల చరిత్ర తీస్కో. సదివి వచ్చి నాకు చెప్పు" అన్నాడు. ఆయన నోటితోనే అన్నాడు. కమల అడగలేదు, బతిమాలలేదు, కాలేజీ అనే మాటే ఆ ఇంట్లో అంతకుముందు పుట్టలేదు, పుట్టించింది ఆయన. ఆ రాత్రి తిండి సయించలేదు ఆమెకు, సంతోషంతో. ఇప్పుడు ఆ గొంతు తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది. అంత నిజంగా మాట్లాడిన మనిషి నిన్న సంతకానికి వస్తానని ఇంత అబద్ధం ఎట్లా ఆడాడు? నిన్నటిది అబద్ధమా, ఆనాటిదే అబద్ధమా? ఆనాటిది అబద్ధమైతే ఆ నీళ్లు, ఆ బొమ్మ, ఆ కమాన్ల లెక్క, దేన్ని నమ్మాలి ఇక?

మరి అమ్మ? అమ్మను ఎవరూ పిలవలేదు. తనే వచ్చింది, రొట్టెల కర్ర చేతిలో పట్టుకుని, పిండి చేతులతో, గుమ్మంలో నిలబడి, "నాకు గూడ పెట్టియ్యరాదు గవి రెండు" అంది, అక్షరాలు కాదు, పళ్లెంలో పెట్టిచ్చే మిఠాయి ఏదో అడిగినట్టు. బాపు నవ్వాడు. పది రోజులు తిరక్కుండా ఆ నవ్వు అణిగిపోయింది. తెల్లారకముందే వాకిట్లో చుక్కలు పెట్టి మెలికల ముగ్గు తిప్పే చెయ్యికి అక్షరాల మెలికలు ఒక లెక్కా? బాపు ఇంకా గుణింతాల దగ్గర తంటాలు పడుతుంటే అమ్మ ఒత్తుల్లోకి పోయింది. ఆయనకు ఉక్రోషం, ఆమెకు లోలోపల పండగ. పొయ్యి ముందు బూడిదలో రాసేది, తడి గచ్చు మీద వేలితో రాసేది, రొట్టె మీద గోటితో సావిత్రి అని రాసి కాల్చి కమల కంచంలో వేసింది ఒకరోజు, "తిను, మీ అమ్మను తిను" అని పకపకా నవ్వింది. ఆడమనిషి అట్లా నవ్వడం ఆ ఇంట్లో గోడలు కూడా విని ఉండవు. మ్యూజియం చూసొస్తూ బస్సు కోసం నిలబడ్డప్పుడు వస్తున్న బస్సు నెత్తి మీది బోర్డును కళ్లు చికిలించి చూసి, చాం, ద్రా, య, ణ, గు, ట్ట అని ఒక్కొక్కటే కూడబలుక్కుని, చివరికి మొత్తం కలిపి గట్టిగా అరిచింది, చాంద్రాయణగుట్ట! క్యూలో ఉన్న వాళ్లంతా వెనక్కి తిరిగారు. వాళ్లు ఎక్కాల్సిన బస్సు అది కాదు. అయినా ఎక్కుదామంది, తను చదివిన మొదటి బస్సట. ఎక్కారు. ఊరికే చివరిదాకా పోయి, వేరే బస్సులో తిరిగొచ్చారు, బాపు కూడా ఏమీ అనలేదు, కిటికీ పక్క సీటు అమ్మకు ఇచ్చాడు. ఆ బస్సు ఎక్కిన మనిషేనా ఇక్కడ చదువు రాదు సారూ అన్నది!

ఎక్కడ తెగింది? కమల వెనక్కి వెనక్కి పోయి వెతుకుతోంది, పారేసుకున్న కమ్మ కోసం నడిచిన దారంతా వెతికినట్టు. దుకాణం తిరిగి తెరిచిన రోజు దగ్గర ఆగింది. కొత్త దూలానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. చుట్టాలు, కులపోళ్లు, పక్క దుకాణాల వాళ్లు వచ్చారు. దూద్‌పేడాలు పంచుతున్నారు. బాపు అందరి ముందూ కమలను పిలిచి ఉర్దూ పుస్తకం చదివించాడు, అమ్మను పిలిచి గోడ మీది తెలుగు కాలెండరు చదివించాడు. అమ్మ సిగ్గుపడుతూనే చదివింది, ఏకాదశి, ద్వాదశి. అందరూ వహ్వా అన్నారు. అప్పుడు బాపు గద్దె మీద వెనక్కి వాలి, "సూసిండ్రా! మా ఇంట్లోనే కాలేజీ ఉన్నది. గల్లీ దాటి పోవాల్సిన పనేముంది మా పిల్లకు?" అన్నాడు. అందరూ నవ్వారు. కమల కూడా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది, మెచ్చుకున్నాడనుకుని! ఎంత వెర్రిది. వాళ్లలో ఎవరో అప్పటికే అడిగి ఉంటారు, ఏం బసవయ్యా, పిల్లను నది అవతలికి పంపుతున్నవట అని. ఆయనకు జవాబు దొరికింది. ఆ జవాబును నెల రోజులు కష్టపడి తయారుచేసిపెట్టింది తనే. తనకు అడ్డంగా లేచే గోడకు ఇటుకలు తనే అందించింది, ఒక్కొక్కటి తుడిచి మరీ. ఏమీ నేర్పకుండా, ఏమీ నేర్చుకోకుండా మూలన కూర్చుని ఏడ్చి ఉంటే బహుశా జాలిపడి పంపేవాడు. అన్నీ ఇంట్లోనే దొరుకుతుంటే బయటికెందుకు? నమ్మించి గొంతు కోయడమంటే ఇదే, కాకపోతే కోసినవాడు కత్తి చూపించలేదు, పేడా చేతిలో పెట్టాడు.

అయినా నిన్నటిదాకా ఆశ చావలేదు. నిన్న రాత్రి అన్నం ముందు అడిగితే "వస్త గదా" అన్నాడు. పొద్దున లేచేసరికి టోపీ పెట్టుకుని చెప్పుల్లో కాళ్లు దూరుస్తున్నాడు. "బాపూ, ఇయ్యాల్నే ఆఖరు." "మాల్ దిగుతున్నది బిడ్డా. మీ అమ్మ వస్తది తీ" అన్నాడు, ముఖం చూడకుండా. అమ్మ వస్తుందంటే మంచిదే అనుకుంది కమల, ఇంకా మంచిది, అమ్మ తన పేరు తనే రాస్తుంది, కూతురు నేర్పిన చేతితో కూతురి చదువుకు, ఎంత బాగుంటుంది! తోవ పొడుగునా అదే అనుకుంటూ వచ్చింది. అమ్మ ఏమీ మాట్లాడకపోతే భయపడుతోందనుకుంది, త్రి రాసేటప్పుడు ఒత్తు తప్పుతుందని కాబోలు అనుకుని, "నెమ్మదిగ రాయమ్మా, తొందరేం లేదు" అని ధైర్యం కూడా చెప్పింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ముఖం వేడెక్కుతోంది.

"ఎందుకన్నవట్ల?" అంది, గోడ వైపే చూస్తూ.

"మీ బాపు చెప్పిండు" అంది సావిత్రి. దాచలేదు. "దస్తఖత్ అడుగుతరు, రాదని చెప్పి వాపస్ తోలుకరా అన్నడు. ఫికర్ చెయ్యకు, రెండ్రోజులు ఏడుస్తది, మర్చిపోతది అన్నడు."

"నువ్వేమన్నవు మరి?"

"నేనేమంటనే ఆయన ముంగట."

రెండ్రోజులు ఏడుస్తది. కమల ఆ మాటను లోపల తిప్పి తిప్పి చూసుకుంది. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారన్నమాట, వంటింట్లోనో, తను నిద్రపోయాకనో, తను ఎన్ని రోజులు ఏడుస్తుందో లెక్క వేసుకున్నారు. తన ఏడుపు వాళ్లకు ముందే తెలుసు. నెల రోజులు పక్కన కూర్చుని తన గురించి కూడా బాగానే నేర్చుకున్నారు. బాపు మీద కోపం ఉంది, కాని ఆ కోపానికి ఒక దారి ఉంది, ఆయన ఎప్పుడూ నలుగురు ఏమంటారో చూసుకునే మనిషి, దుకాణం మనిషి. అమ్మ మీద వస్తున్నది కోపం కూడా కాదు, దానికి ఏ దారీ లేదు. అమ్మకు ఆ రుచి తెలుసు. బస్సు బోర్డు చదివిన రోజు రుచి తెలుసు. తెలిసి, ఆ రుచి తన కూతురికి దక్కకుండా చేసి, పక్కన కూర్చుని, "ఆకలైతలేదా, సద్ది కట్టుకొచ్చిన" అంటోంది. అంటోంది నిజంగానే. సంచీలోంచి గుడ్డ మూట తీసి విప్పుతోంది, జొన్నరొట్టె, పచ్చిమిరప కారం. కమల తల తిప్పుకుంది. చెప్పేస్తాను, గుమాస్తా రాగానే చెప్పేస్తాను, మా అమ్మకు రాయడం వచ్చు సార్, అబద్ధమాడుతోంది, కలమిచ్చి చూడండి అని. చెబితే? అందరిలో అమ్మ పరువు పోతుంది. పోనీ. అమ్మ సంతకం పెడుతుంది, ఇంటికెళ్తుంది, బాపు అడుగుతాడు, ఎవరు పెట్టమన్నరు అని. తర్వాత ఆ ఇంట్లో అమ్మ బతుకేమిటో కమలకు తెలుసు. ఆయన కొట్టడు. మాట్లాడడు. నెల, రెండు నెలలు, ఒకసారి పుట్టింటి వాళ్ల గొడవలో ఎండాకాలం నుంచి దసరా దాకా మాట్లాడలేదు, అమ్మ వడ్డిస్తుంటే గోడతో చెప్పేవాడు, ఇంకింత కూర వెయ్యమని. అయినా చెబుతాను. నాకోసం ఎవరు ఆలోచించారని నేను ఆలోచించాలి? చెబుతాను, చెప్పను, చెబుతాను. పక్కన అమ్మ రొట్టె తుంచి, తినకుండా, మళ్లీ మూట కట్టేసింది.

కిటికీ తలుపు తెరుచుకుంది. రామ్‌చందర్ తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. "మీ బాపు రాలే?" అన్నాడు. రాలేదంది కమల, అమ్మతో పాటు కిటికీ ముందుకొచ్చి. ఆయన కాసేపు దరఖాస్తు వైపు చూసి, పిల్ల ముఖం వైపు చూసి, సొరుగు లాగాడు. "దీనికి గింత పరేషాన్ ఎందుకమ్మా? దస్తఖత్ రాకుంటే వేలిముద్ర పెట్టు. మస్తు మంది తల్లులు గట్లనే పెడ్తరు. పక్కన పేరు నేను రాసుకుంట" అని ఇంకు పెట్టె మూత తీసి కిటికీలోంచి ముందుకు జరిపాడు. కమల కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. ఇంత సులువా! బాపుకు తట్టనే లేదు ఇది, అమ్మకూ తట్టలేదు. అబద్ధమే తలుపు తెరిచింది. వేలు పెడితే చాలు, ఇంటికెళ్లి చదువు రానిదాన్ని, ఏం పెట్టమంటే అది పెట్టిన అనొచ్చు, ఏ తప్పూ లేదు అమ్మది, ఎవరూ ఏమీ అనలేరు. "పెట్టమ్మా" అంది, గంట నుంచి మొదటిసారి అమ్మ వైపు తిరిగి. "పెట్టు."

అమ్మ చెయ్యి కొంగు కిందికి పోయింది. ఇంకు పెట్టె వైపు చూస్తోంది, దాన్లోంచి ఏదో లేచి కరుస్తుందన్నట్టు. జహనుమాలో స్థలం ఆమె పేరున రాయించిన రోజు గురించి కమలకు ఎన్నోసార్లు చెప్పింది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడు ఆమె వేలు పట్టుకుని నల్లటి దాంట్లో అద్ది, కాగితం మీద నొక్కి, ఇంకోసారి నొక్కి, ఇది సరిగా పడలేదు మళ్లీ పెట్టు అని, అంతా చూస్తుండగా. ఇంటికొచ్చి చింతపండు పెట్టి తోమినా పోలేదట. తన పేరు తను రాసుకున్న నాడు ఆ బొటనవేలినే కమల కళ్ల ముందు ఆడించి, "ఇగ దీన్ని ఎవ్వని చేతిల పెట్టనే. సచ్చినా పెట్ట" అంది. కమల చప్పట్లు కొట్టింది. తనే కొట్టింది. నేర్పకపోయి ఉంటే, ఆ పొద్దున రొట్టెల కర్ర పట్టుకుని వచ్చిన మనిషిని పో అమ్మా, నీకెందుకు ఇవన్నీ అని పంపేసి ఉంటే, ఈ వేలు ఇప్పుడు ఏ ఆలోచనా లేకుండా వచ్చి ఆ కాగితం మీద పడేది.

"వేలు పెట్ట" అంది సావిత్రి, కమలకు మాత్రమే వినపడేట్టు.

"మరి రాయి."

తల అడ్డంగా ఊపింది.

రామ్‌చందర్‌కు విసుగొచ్చింది. వెనక ఇంకో తండ్రీ కూతురూ వచ్చి నిలబడ్డారు. "ఏందమ్మా, సదువు రాదంటివి, వేలు పెట్టమంటే పెడ్తలేవు. నువ్వు చెప్పు బిడ్డా, మీ అమ్మకు రాయనీకి వస్తదా, రాదా?" అని కలం మూత తీసి పట్టుకున్నాడు. వస్తుంది అనే మాట కమల నాలుక చివరే ఉంది, గంట నుంచి అక్కడే ఉంది. అమ్మ ముఖం చూసింది. అమ్మ కళ్లలో భయం ఉంది, వద్దే అని బతిమాలడం ఉంది, వాటి వెనక ఇంకొకటి కూడా ఉంది, బొటనవేలు ఆడించిన నాటి గర్వమే, ఇంత జరిగినా ఇంకా చెక్కు చెదరకుండా, కూతురికి ఏమీ ఇవ్వకుండా తన దగ్గరే దాచుకున్న గర్వం. కమలకు దాన్ని చూసి ఓర్వబుద్ధి కాలేదు.

"రాదు సార్" అంది గట్టిగా, వెనక ఉన్నవాళ్లకు కూడా వినపడేట్టు. "నెల రోజులు నేర్పిన. ఒక్క అక్షరం రాలే. మా అమ్మకు ఏం రాదు."

సావిత్రి ఒక్క అడుగు వెనక్కి వేసింది. కాసేపటి కింద తన నోటితో తను అన్న మాటే. అప్పుడు కన్నార్పకుండా అన్న మనిషి ఇప్పుడు, "అట్లనకే... నాకొస్తది గదనే" అంది, ఏడుపు గొంతుతో, గుమాస్తా వైపు కాదు, కూతురి వైపే చూస్తూ. రామ్‌చందర్ కలం మూత పెట్టేసి, సంతకం లేని కమల దరఖాస్తును పక్కకు తోసి, వెనక నిలబడ్డ తండ్రి చేతిలోని కాగితం కోసం చెయ్యి చాపాడు.